నివాసము, అభిజనము: ఆస్ట్రేలియా పాఠశాలలలో 'బిలాంగింగ్' పాఠము

ఆస్ట్రేలియాదేశమునందలి న్యూ సౌత్ వేల్సు రాష్ట్రమున నున్నతపాఠశాలావిద్య ముగించు విద్యార్థులు వ్రాయునది హయ్యరు స్కూలు సర్టిఫికెట్టు పరీక్ష. ఇది మొదట 1967వ సంవత్సరమున జరిగెను. ఇందు విద్యార్థులు గణితమును, శాస్త్రములను, చరిత్రను దమ యిచ్చ ననుసరించి యెన్నుకొనవచ్చును గాని యాంగ్లము మాత్ర మెల్లరకును విధి. 2001 నుండి యీ యాంగ్లపాఠమునం దొక క్రొత్తపద్ధతి యేర్పడెను. ఒక భావమును బేర్కొని, దానికి లోఁబడునట్లు కావ్యములను, నాటకములను, నవలలను, చలనచిత్రములను జదివించుట యా పద్ధతి. మొదటి మూఁడేండ్లును 'మార్పు' అనునది యా భావము. 2004 మొదలు 2008 వఱకు 'ప్రయాణములు'. 2009 మొదలు 2014 వఱకు నాఱేండ్లు 'బిలాంగింగ్'. పిమ్మట 2018 వఱకు 'ఆవిష్కారము'. ఈ నాలిగింటిలోఁ దక్కిన మూఁటిని దెనిఁగించుట సులభము. బిలాంగింగ్ అనుదానిని దెనిఁగింపఁబూనినవానికి మాత్రము కలము నిలిచిపోవును. చెందియుండుట యన్నచో సొత్తు స్ఫురించును. బాంధవ్య మన్నచో రక్తసంబంధము స్ఫురించును. తనదనము అనుమాట యల్లిక. ఆ కలము నిలుచుటకుఁ గారణము విచారింపఁదగియున్నది. ఏలయన, ఆంగ్లము మాతృభాషగాఁ గలవా రా మాటలోని చిక్కును గుర్తింపకయే చాలకాలము నడచిరి. ఆ దేశమున నొక న్యాయస్థానము సైత మా చిక్కులోఁ దగుల్కొనెను.

పదునాలుగవ శతాబ్దినాఁటి యాంగ్లమునఁ గానవచ్చు నీ క్రియకు, కూడ నడచుట, తగియుండుట యనునవి మొదటి యర్థములు. తరువాత ఒకని సొత్తయి యుండుట యనియు, ఒక సమూహమునఁ జేరియుండుట యనియు నర్థములు స్థిరపడెను. ఈ గ్రంథము దేవదత్తునిది. దేవదత్తుఁ డీ యూరివాఁడు. ఈ రెండు వాక్యములకును ఆంగ్లమున నొక్కటే క్రియ చాలును. సంస్కృతమున రెంటికిని షష్ఠి చాలును. షష్ఠి సంబంధమును మాత్రమే తెలుపును. అది యే సంబంధమో తెలుపదు. షష్ఠికి నూటొక్క యర్థములు గలవని మహాభాష్యకారుఁడు చెప్పియుండుట వైయాకరణు లెఱిఁగినదే. ఇంకొక విశేషము. పాణిని స్వశబ్దమునకు సర్వనామసంజ్ఞ చెప్పుచు, జ్ఞాతియందును ధనమునందును దానిని వారించెను. తాను, తనది, తనవాఁడు, తన సొమ్ము అను నాలుగు నర్థములు నొక్క స్వశబ్దమునకే కలవు. మొదటి రెంటను నది సర్వనామము. కడపటి రెంటను నామమాత్రము. అర్థము మాఱినపుడు వ్యాకరణకార్యము మాఱునని యాచార్యుఁడు కనిపెట్టెను. ఆంగ్లక్రియకు నట్టి కాపు లేదు.

పాఠ్యప్రణాళిక కర్త లా భావమును వివరించినతీరు స్థూలముగా నిది: ఒకని తనదనము మనుష్యులతోడను, స్థలములతోడను, సమూహములతోడను, లోకముతోడను గల సంబంధములనుండి పుట్టును; అది కాలమును, కులాచారమును, సంఘస్థితియును బట్టి మాఱును; చేరుటయే కాక చేరకుండుటయు, చేరనీయక యడ్డుటయు విచారణీయములే. వివరణ మంచిదే. కాని స్థలముతోడి సంబంధ మన్నచో, ఏ స్థలముతోడి దని యడుగవలసియున్నది.

పాణినీయమునఁ జతుర్థాధ్యాయ తృతీయపాదమున నిందులకు సంబంధించిన రెండు సూత్రము లొకదాని వెంట నొకటి కలవు. ఊరిపేరుపైఁ బ్రత్యయము చేర్చి మనుష్యుని వ్యవహరించునపుడు, ఆ యూరు వానికి నివాసమైనను గావచ్చును, అభిజనమైనను గావచ్చును అని వాని తాత్పర్యము. తా నిప్పుడు వసించుచోటు నివాసము. తన పూర్వులు వసించినచోటు అభిజనము. స్రుఘ్నమున వసించువాఁడును స్రౌఘ్నుఁడే. తాతలు స్రుఘ్నమున వసింపఁగాఁ దాను మథురలో నున్నవాఁడును స్రౌఘ్నుఁడే. రూప మొక్కటియే యైనపుడు సూత్రములు రెండేల యని శంక కలుగును. అభిజనార్థమునందు మాత్రమే విధింపఁబడిన ప్రత్యయములు తరువాతి సూత్రములలోఁ గలవు గనుక విభాగ మావశ్యకమని సమాధానము. శలాతురశబ్దమునకు ఛణ్ ప్రత్యయమును విధించు సూత్ర మట్టివానిలో నొకటి. దానివలన సిద్ధించిన శాలాతురీయశబ్దము పాణినికే పేరు. ఆ పేరు చెప్పునది యాయన పూర్వులు శలాతురమున నుండిరనుటయే. ఆయన స్వయముగా నచ్చట వసించెనా యను ప్రశ్నకుఁ బ్రత్యయ ముత్తర మీయదు. తెలుఁగువారి యింటిపేళ్లలోఁ బెక్కు లిట్టివే. కందుకూరు, నేలటూరు అను గ్రామనామము లౌపవిభక్తికరూపమునఁ గందుకూరి, నేలటూరి యగును. వీరేశలింగము పంతులుగారు 1848లో రాజమహేంద్రవరమునఁ బుట్టిరి. ఇంటిపేరు మాత్రము కందుకూరి. ఊరు విడిచి తరములు గడచినను విభక్తి విడువదు.

నివాసాభిజనములు వేఱైన జనము మిక్కుటముగాఁ గల దేశము ఆస్ట్రేలియా. ఆ దేశమున నిట్టి పాఠ మేర్పడుటకు ముందు నూఱేండ్ల చరిత్ర యొకటి కలదు. అదియు నొక భాషాపరీక్షతోడనే మొదలగుట చిత్రము.

ఆఱు వలసరాజ్యములు కలసి 1901లో నొక్క దేశమైనవి. ఆ సంవత్సరముననే వలస నిరోధమునకు శాసనము పుట్టినది. అందు వర్ణముపేరు లేదు. శ్వేతేతరులు రాఁగూడదని యెచ్చటను వ్రాయఁబడలేదు. ఓడ దిగువానిచే నధికారి యొక యూరోపియను భాషలో నేఁబది మాటలు చెప్పి వ్రాయింపవచ్చుననియు, వ్రాయలేనివాఁడు దేశప్రవేశమున కనర్హుఁడనియు మాత్రమే కలదు. ఏ భాషయో నిర్ణయించువాఁడు పరీక్షకుఁడు, పరీక్ష్యుఁడు కాఁడు. రానీయఁదలఁపనివాని కెఱుఁగని భాష నెన్నుకొనిన జాలును. 1905లో యూరోపియను భాష యనుటకు బదులు నిర్ణీతభాష యని సవరించిరి గాని యాచరణము మాఱలేదు. 1909 తరువాత నీ పరీక్షకు నిలిపినవారిలో నుత్తీర్ణుఁడైనవాఁ డొక్కఁడును లేఁడు. భారతీయులును దీనికి లోఁబడినవారే. ఉత్తీర్ణతయే యసంభవమైన పరీక్ష పరీక్ష యనిపించుకొనదు. వాకిట వేసిన గడియ యనిపించుకొనును.

ఈ గడియ యొకసారి నవ్వులపాలైనది. ప్రేగునగరమునఁ బుట్టిన ఎగోన్ ఎర్విన్ కిష్ అను రచయిత 1934లో యుద్ధవ్యతిరేకసభకై యాస్ట్రేలియా కరుదెంచెను. ప్రభుత్వ మాతనిని దిగనీయలేదు. ఆతఁడు మెల్బర్నులో నోడమీఁదినుండి రేవుపైకి దూఁకి కాలు విఱుగఁగొట్టుకొనెను. పెక్కు యూరోపియను భాష లెఱిఁగినవాఁ డగుటచే నధికారు లాతనికి స్కాట్లండులోని గేలికు భాషలోఁ బరీక్ష పెట్టిరి. వ్యవహారము దేశపు హైకోర్టునకుఁ బోయెను. స్కాటిష్ గేలికు ఆ శాసనము చెప్పిన యర్థమున యూరోపియను భాష కాదని న్యాయమూర్తులలో నధికసంఖ్యాకులు తీర్చి కిష్ పక్షమున నిర్ణయించిరి. స్కాటిష్ సంతతివా రా తీర్పునకు మిక్కిలి కోపించిరి. భాషాలక్షణము న్యాయస్థానమునఁ దీర్పఁబడునపుడు జరుగు వింత లిట్టివి. వ్రాఁతపరీక్ష 1958లో రద్దగువఱకును శాసనమున నిలిచియే యుండెను.

రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిదప నా దేశమునకు జనము కావలసివచ్చెను. 1945లో వలసవ్యవహారములకుఁ బ్రత్యేకముగా మంత్రి యేర్పడెను. ఆర్థర్ కాల్వెల్ మొదటి మంత్రి. 1947 నుండి కొన్ని యేండ్లలో, యుద్ధమువలన నిల్లు గోల్పోయిన పోలండు, యుక్రెయిను, బాల్టికు మున్నగు దేశములవారు సుమారు 1,70,000 మంది యచ్చటి కోడలలో వచ్చిరి. వీరు ప్రభుత్వము చూపినచోట, చూపిన పనిలో, రెండేండ్లు కుదురుకొని యుండవలెనను నొడంబడికకు లోఁబడినవారు. శ్వేతజాతీయవిధానము 1966 నుండి సడలి 1973లో నంతరించెను. ఆసియావాసులు, వారిలోఁ దెలుఁగువారును, పెక్కురు సిడ్నీనగరమునఁ గాపుర మేర్పఱచుకొనుట తరువాతి కథ.

పైఁ జెప్పిన యోడలలో నొకదానినుండి 1949లో దిగిన నాలుగేండ్ల బాలుఁడు పీటర్ స్క్షినెట్స్కి. జర్మనీలో 1945లోఁ బుట్టెను. కుటుంబము పార్క్స్ పట్టణమునందలి వలసవారి శిబిరమున రెండేండ్లుండి 1951లో సిడ్నీలోని రీజెంట్స్ పార్కునకుఁ జేరెను. ఆయన 1975లోఁ బ్రకటించిన కవితాసంపుటి 'ఇమ్మిగ్రంట్ క్రానికిల్'. బిలాంగింగ్ పాఠమునకు నిర్ణయించిన గ్రంథములలో నెక్కువగాఁ బేరు వినవచ్చిన దిది. అంతకుముందు ప్రయాణములు పాఠ్యభావముగా నున్నప్పుడును నీ సంపుటియే చదివించిరి. 2008 వఱకుఁ బ్రయాణముగా నున్న జీవితమే 2009లోఁ దనదనము, తనదనలేమియు నైనది. కవితలలో నక్షరము మాఱలేదు, ప్రశ్న మాఱినది.

ఆ సంపుటిలోఁ దండ్రి ఫెలిక్సుపేరిట నొక కవిత కలదు. తండ్రి తోటను బిడ్డవలెఁ బెంచును. స్వదేశపు మిత్రులతోఁ బాతగాథలు చెప్పుకొనును. క్రొత్తదేశపు వాడుకలకై తహతహపడఁడు. కుమారుఁడు పాఠశాలలో లాటినుభాష నేర్చుచు, సీజరు రచనలోని క్రియారూపములకడఁ దడఁబడుచు, అదే కాలమునఁ బోలిషుభాషలోని తన తొలిమాటను మఱచిపోవును. తండ్రి యా మాటను మరలమరలఁ జెప్పి జ్ఞాపకముంచును. ధాతురూపములు వల్లించి పెరిగిన పండితు లెవ్వరు చదివినను గుండె కలుక్కుమనును. ఒక మృతభాష నోటఁ బట్టుచుండఁగా నింటిభాష జాఱిపోవుచున్నది. రెంటికిని సాధనము చదువే. తండ్రికి నివాసము సిడ్నీ, అభిజనము పోలండు. ఆయనకు రెండును స్థిరములే, కనుక బాధ లేదు. కుమారునికి జన్మస్థాన మొకటి, అభిజన మొకటి, నివాస మొకటి. అభిజనమును ఉత్తరములలోను, చిత్రపు కార్డులలోను మాత్రమే చూచినవాఁడు. కవితలలోని యశాంతి కుమారునిదే కాని తండ్రిది కాదు. ఉపాధ్యాయులు పెక్కుచోట్ల దీనిని విడచి, తండ్రి పరదేశి, కుమారుఁ డీ దేశపువాఁడు అని తేలికగా విభజించి బోధించుటకు వీలున్నది. గ్రంథ మా విభాగమున కొప్పుకొనదు.

రైమండ్ గయిటా 1998లోఁ దన తండ్రినిగూర్చి వ్రాసిన స్మృతిగ్రంథమును నీ పాఠమునం దుండెను. జుంపా లాహిరి 2003లోఁ బ్రకటించిన 'ది నేమ్‌సేక్' నవల యాస్ట్రేలియాకు సంబంధించినది కాకున్నను దీనికిఁ జక్కగా నతికినది. కలకత్తానుండి యమెరికాకు వచ్చిన దంపతులు బిడ్డపేరు నిర్ణయించు ముత్తవ్వ యుత్తరమునకై వేచియుందురు. ఉత్తరము దారిలోఁ దప్పిపోవును. ముద్దుపేరే బడిపేరై నిలుచును. పెద్దవాఁడై దానిని మార్చుకొనును. అభిజనమునుండి రావలసిన పేరు తపాలాలోఁ బోయినచో నివాస మిచ్చిన పేరు మిగులుననుట యా కథయందలి మర్మము. షేక్స్పియరు నాటకము 'యాజ్ యూ లైకిట్', డికెన్సు నవల 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్', ఆర్థర్ మిల్లరు 1953 నాటి నాటకము 'ది క్రూసిబుల్' సైత మా పట్టికలోనివే. మంచి గ్రంథములే గాని, వానికి బిలాంగింగ్ అను పట్టీ తరువాత నంటించినది. ఏ గొప్పకృతికైనను నట్టి పట్టీ యంటించుట కష్టము కాదు.

వలసవారి గ్రంథములలో నివాసాభిజనములు వేఱు. ఆ దేశపు మూలవాసుల విషయమున నవి యొక్కటియే. చిక్కంతయు నటనే కలదు. ఆర్న్‌హెమ్ ల్యాండునందలి యోల్ఙుజనులు తమ భూమిలో గనులు త్రవ్వుట నెదిరించి న్యాయస్థానమున కెక్కిరి. 1971లో న్యాయమూర్తి బ్లాక్‌బర్ను వారి కథనము నోపికతో విని, వారికిఁ జక్కని ధర్మవ్యవస్థ కలదని యొప్పుకొనెను. కాని, సాక్ష్యమును బట్టి చూడఁగా భూమి వంశమునకుఁ జెందిన దనుటకంటె వంశమే భూమికిఁ జెందిన దనుట సులభముగా నున్నదని యభిప్రాయపడి, అది ఆంగ్లధర్మశాస్త్రము గుర్తించు స్వామ్యము కాదని వారి వాదమును ద్రోసివేసెను. ఇచ్చట వ్యవహారమంతయు బిలాంగ్ అను నొక్క క్రియమీఁద నిలిచినది. స్వస్వామిభావమున నేది స్వము, ఏది స్వామి యనునది ప్రశ్న. ఆంగ్లన్యాయమున మనుష్యుఁడు స్వామి, భూమి స్వము. యోల్ఙుజనులు చెప్పినది భూమి స్వామిని, మనుష్యుఁడు స్వము అని. షష్ఠి రెంటికిని సమానమే. సంబంధము బలీయమైన కొలఁది హక్కు తగ్గిపోవు ననుట యా తీర్పు ఫలము.

మేర్ ద్వీపవాసి ఎడ్డీ మాబో మున్నగువారి వ్యవహారమున హైకోర్టు 1992 జూన్ 3న నీ దృష్టిని మార్చెను. ఆంగ్లేయులు వచ్చునాఁటి కా భూమి యస్వామిక మనుమాట చెల్లదని తీర్చెను. మాబో యా తీర్పు వినలేదు. ఆ సంవత్సరము జనవరిలోనే మరణించెను.

ఈ వివాదము నీడ బిలాంగింగ్ పాఠ్యగ్రంథములపైఁ బడియున్నది. జేన్ హారిసన్ నాటకము 'రెయిన్‌బోస్ ఎండ్' 1950 దశకమున విక్టోరియాలోని షెపర్టన్ పట్టణసమీపమునఁ గల మూలవాసుల గుడిసెలకథ. 1954లో రాణి వచ్చినపుడు, ఆమె కంటఁబడకుండ గుడిసెల కడ్డముగా గోనెపట్టా తెర గట్టుట యందలి ఘట్టము. స్వదేశమున నున్నవారికే తెర. తారా జూన్ విన్చ్ 2006 నాటి 'స్వాలో ది ఎయిర్' నవలలో మే అను బాలిక తల్లి పోయిన పిమ్మట విరాజురీవారి నేలను వెదకుచుఁ బోవును. తాను వెదకిన యభిజన మచ్చట దొరకదు; భాషయు గాథలును జెదిరిపోయినవి. తిరిగి తాను విడిచివచ్చిన యింటికే వచ్చును. పాణినీయవిభాగమునఁ జెప్పినచో, అభిజనమును నివాసములోనే తిరిగి కనుఁగొన్నది.

'టెన్ కనూస్' అను 2006 నాటి చలనచిత్ర మా యోల్ఙుజనుల భాషలలోనే తీయఁబడినది. సంపూర్ణముగా మూలవాసుల భాషలలో దీసిన తొలి యాస్ట్రేలియా కథాచిత్ర మదియే. ఆ భాషలలో నొక విశేషము తెలుఁగు పండితుల కింపు గూర్చును. వినువానిని గలుపుకొను మనము, వినువానిని విడిచిన మేము అను భేదము వానిలోఁ గలదు. లిముర్ అనిన మనము. ఙనపుర్ అనిన మేము. ఆంగ్లమున రెంటికిని వుయ్ అను నొక్కమాటయే. మనవాఁ డనుటకును మావాఁ డనుటకును గల దూర మాంగ్లవిద్యార్థికి వివరించి చెప్పవలెను. యోల్ఙుబాలునికిని దెలుఁగుబాలునికిని నుగ్గుపాలతో వచ్చినది. ఒక సమూహమునఁ జేరుట యన నేమో యా సర్వనామములే తేల్చుచున్నవి. మేము అనుమాట విన్నవాఁడు వెలుపలివాఁడు. మనము అనుమాట విన్నవాఁడు లోపలివాఁడు.

ఇఁకఁ బరీక్షావిధానము. రెండుగంటల పత్రము, మూఁడు భాగములు, భాగమునకుఁ బదునైదు మార్కులు. మొదటిభాగమున మున్నెన్నఁడును జూడని రచనలపైఁ బ్రశ్నలు. రెండవభాగమున విద్యార్థి తానే యొక కథనో యట్టి రచననో కల్పింపవలెను. మూఁడవభాగమున నిర్ణీతగ్రంథమును, తాను వెదకి తెచ్చుకొన్న యితర రచనను గలిపి వ్యాసము వ్రాయవలెను. ఒక్కొక్కదానికి నలువది నిమిషములు. తనదనమువంటి విషయమును నలువది నిమిషములలోఁ దేల్చుమనిన విద్యార్థు లేమి చేయుదురో పాఠశాలాపండితుల కెల్లర కెఱుకయే. ముందుగా వ్రాసి వల్లించుకొన్న వ్యాసములతో బరీక్షకు వచ్చుట యచ్చట నెడతెగని ఫిర్యాదైనది. వల్లెవేఁతయందు దోష మేమియు లేదు. అష్టాధ్యాయి వల్లెవేయక వ్యాకరణము రాదు. కాని సూత్రము ప్రయోగమునకై వల్లింపఁబడును. ఈ వ్యాసము ప్రశ్న యేదైనను దింపుటకై వల్లింపఁబడును. తాను దేశమునఁ జేరినవాఁడనని యితరుఁడు కట్టిన వాక్యములతోఁ జెప్పుకొనుట యిందలి వైపరీత్యము.

అయినను మూఁడవభాగమున నొక తెఱపి యుండెను. తాను తెచ్చుకొను రచన యేదైనను గావచ్చును: పాట, చిత్రము, నవల, జ్ఞాపకకథ. అందుఁ బరీక్షకుని యనుమతి యక్కఱలేదు. 1901 నాఁటి పరీక్షలో భాష నెన్నుకొను నధికారము పరీక్షకునిది. 2009లో నాఱు దశాబ్దముల క్రిందటి వలసబాలుని గ్రంథము ప్రక్కఁ దన యింటినుండి యొక రచనను దెచ్చి పెట్టు నధికారము, పదునేడేండ్ల పరీక్ష్యునిది. తాత పోలండునుండియో, తల్లి కృష్ణాతీరమునుండియో వచ్చిన బాలుఁడు వ్రాయునపుడు, నిర్ణీతగ్రంథము నివాసమును, తెచ్చుకొన్న గ్రంథ మభిజనమును గావచ్చును. ఆ రెంటినడుమ సంబంధ మేదో చెప్పవలసినవాఁడు వాఁడే. 2015లో భావము మాఱి యావిష్కార మైనది. 2019 నుండి మఱియొక పేరున మానవానుభవములు పాఠ్యభాగములైనవి.